ఒక్కటే మంచం ఉన్న గది

ఆ రోజు లంచ్ అయ్యాక ఆఫీసు పార్కింగ్ లాట్ చుట్టూ నడుస్తున్నాం. రోజూ నాలుగు రౌండ్లు. రెండో రౌండ్‌లో చి ఆగిపోయింది.

"మా ఇరవై అయిదో పెళ్లిరోజుకి పిల్లలు మాంటెరేలో హోటల్ బుక్ చేశారు. సముద్రం కనపడే రూమ్" అంది.

"ఎంత మంచి పిల్లలు!" అనబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

"ఒక్కటే మంచం" అంది చి. అని, తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

వియత్నామీ భాషలో 'చి' అంటే అక్క. కొత్తలో అలా పిలవాలంటే నాకు ఎవర్నో ఛీ కొడుతున్నట్టుండేది. ఇప్పుడు అలవాటైపోయింది. చికి యాభై ఒకటి. 1993లో, పంతొమ్మిదేళ్లప్పుడు, అమ్మానాన్నలతో శాన్ హోసే వచ్చింది. వాళ్ల నాన్న దక్షిణ వియత్నాం సైన్యంలో పనిచేసి, యుద్ధం అయిపోయాక కొన్నేళ్లు నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. అలాంటివాళ్ల కోసం అమెరికా పెట్టిన కార్యక్రమం కింద వచ్చారు. పెళ్లికాని పిల్లలకే ఆ అవకాశం ఉండటంతో, పెళ్లయిపోయిన వాళ్లక్క అక్కడే ఉండిపోయింది. ఇక్కడికొచ్చాక చి పగలు సర్క్యూట్ బోర్డులకి సోల్డరింగ్ చేస్తూ, రాత్రిళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి టెస్టర్ అయింది. నేను రాసిన కోడ్‌లో తప్పులు పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఏడేళ్లుగా ఆ పని ఏ మాత్రం దయ లేకుండా చేస్తోంది.

అలాంటి మనిషి ఒక మంచం గురించి ఏడుస్తోంది.

తర్వాతి రెండు రౌండ్లలో సంగతి బయటికొచ్చింది. మూడేళ్లుగా భార్యాభర్తలు వేరే గదుల్లో పడుకుంటున్నారు. పిల్లలకి చెప్పిన కారణం నాన్న గురక. అసలు కారణం నొప్పి. నెలసరి ఆగిపోయిన ఏడాదికల్లా మొదలైందట. "లోపల గీరుకుపోయినట్టుంటుంది. ఆయన దగ్గరికొస్తే ముందే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఒకసారి రక్తం కూడా వచ్చింది. ఆయన భయపడిపోయాడు. నేను ఇష్టంలేక అలా చేస్తున్నాననుకున్నాడు. తర్వాత అడగడం మానేశాడు."

"డాక్టర్‌కి చెప్పావా?"

"మా డాక్టరు మా వాళ్లే. వాళ్లావిడ, నేను ఒకే చర్చికి వెళ్తాం. ఆయనకెలా చెప్పను?"

"మరి నాకెలా చెప్పగలిగావు చి?"

కాస్త ఆలోచించి చెప్పిన సమాధానం నేనింకా మర్చిపోలేదు. "ఇంగ్లీషులో కాబట్టి. ఇంగ్లీషులో ఇది ఒక బగ్ రిపోర్ట్ లాంటిది. మా భాషలో అయితే చెప్పేది మా అమ్మలాగా, మా అమ్మమ్మలాగా అనిపిస్తుంది. నోరు రాదు."

*

ఆ సాయంత్రం నుంచి ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ఒంట్లో జరుగుతున్నది ఎంత మామూలు విషయమో తెలిసి ఆశ్చర్యపోయాను. సాధారణంగా నలభై అయిదు, యాభై అయిదు మధ్య అండాశయాలు ఈస్ట్రోజెన్ చేయడం బాగా తగ్గించేస్తాయి. యోని గోడలు మెత్తగా, తడిగా, సాగేలా ఉండటానికి ఆ హార్మోనే ఆధారం. అది తగ్గేసరికి గోడలు పల్చబడతాయి, తడి ఆరిపోతుంది, ముట్టుకుంటే మంట. మూత్రనాళం కూడా ఆ పక్కనే కాబట్టి మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్లు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఈ లక్షణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఒంట్లో ఆవిర్లు కొన్నేళ్లకి తగ్గిపోతాయి గానీ ఇది వైద్యం చేయకపోతే తనంతట తాను తగ్గదు. డాక్టర్లు కూడా 2014 దాకా దీన్ని యోని 'క్షీణత' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. ఏ ఆడమనిషి నోరు తెరిచి చెప్పుకుంటుంది, నాకు క్షీణత అని? ఆ ఏడాది రెండు వైద్య సంఘాలు కలిసి, మూత్ర సమస్యలు కూడా కలిసేలా పేరు మార్చాయి.

వైద్యం కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. తడి కోసం మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే జెల్స్. వాటితో సరిపోకపోతే లోపల పెట్టుకునే, చాలా తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమో, చిన్న మాత్రో. హార్మోన్ అనగానే అందరికీ కేన్సర్ భయం. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం మధ్యలో ఆపేసినప్పటి నుంచీ ఆ భయం పాతుకుపోయింది. కానీ అక్కడ చూసింది నోటితో మింగే మాత్రల్ని. లోపల రాసుకునే చిన్న మోతాదు రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్లు మాత్రం వాడేముందు తమ కేన్సర్ డాక్టర్‌ని తప్పకుండా అడగాలి.

చి ఈ మూడేళ్లూ ఏమీ చేయకుండా కూర్చోలేదు. ఊళ్లో అక్క చెప్పినట్టు తమలపాకులు మరిగించిన నీళ్లతో కడుక్కునేది. వియత్నాంలో ఇది తరతరాల చిట్కా. మనం భోజనమయ్యాక నోట్లో వేసుకునే ఆకే. పైపైన కడుక్కుంటే పోయేదేమీ లేదు. లోపల కూడా కడిగితే అక్కడుండే మంచి బాక్టీరియా పోయి, మంట ఇంకా పెరుగుతుంది. చి చేసింది రెండోదే. దాంతోపాటు అక్క పార్సిల్లో పంపిన సోయా మొలకల పొడి. ఆ దేశంలో ఈ వయసు ఆడవాళ్లకి ఆ పొడీ, దాని మాత్రలూ అమ్మే ప్రకటనలు కుప్పలు. అందులో ఈస్ట్రోజెన్‌ని పోలిన పదార్థాలున్న మాట నిజమే. అవి అంతంత మాత్రం పనిచేస్తాయి. ప్రకటనల్లో చెప్పినట్టు భర్త మళ్లీ కొత్త పెళ్లికొడుకైపోవడం మాత్రం జరగదు.

*

"మీ భాషలో దీన్ని ఏమంటారు?" అని మర్నాడు అడిగాను. చి నవ్వి, "ఖో హాన్" అంది. అంటే కరువు. పొలాల్లో నీళ్లు లేకపోతే వార్తల్లో చెప్పేదీ అదే మాట, ఆడవాళ్ల పత్రికల్లో దీనికి వాడేదీ అదే మాట. ఆవిర్లు వస్తే 'బొక్ హ్వా', నిప్పు పైకి లేవడం. అసలు విషయాన్నైతే పేరుపెట్టి అననే అనరు. 'చుయెన్ అయ్' అంటారు, "ఆ సంగతి" అని. మనం "అదీ" అని ఆగిపోయినట్టే.

ఇంకో మాట కూడా చెప్పింది. 'హోయ్ స్వన్', వసంతం తిరిగి రావడం. నలభైల చివర్లో ఆడవాళ్లలో మళ్లీ కోరికలు చిగురిస్తాయని వాళ్లకో నమ్మకం. వినడానికి ఎంత బాగుందో. కానీ వాడేది ఎక్కువగా వెక్కిరింతకే. యాభైకి దగ్గరపడ్డ ఆవిడ ఎర్ర గౌను కొనుక్కుంటే "వసంతం తిరిగొచ్చిందే" అని పక్కింటావిడ నవ్వుతుంది. అంటే ఈ వయసు ఆడమనిషికి రెండే దారులు: కరువైతే నోరు మూసుకోవాలి, వసంతమైతే నవ్వులపాలవ్వాలి.

పిలుపుల్లో కూడా ఇదే. వాళ్లింట్లో "నేను", "నువ్వు" అనే మామూలు మాటలు దాదాపు వాడరు, వరసలే వాడతారు. కొత్తగా పెళ్లైన జంట ఒకర్నొకరు 'ఆన్', 'ఎమ్' అనుకుంటారు. ఆన్ అంటే అన్న, ఎమ్ అంటే చెల్లి. (మొదటిసారి విన్నప్పుడు నా తెలుగు ప్రాణం విలవిల్లాడింది.) పిల్లలు పుట్టాక 'ఎమ్' పోయి 'మా నో', పిల్లాడి అమ్మ అవుతుంది. మనవలొచ్చాక 'బా నో', పిల్లాడి బామ్మ. "మా ఆయన నన్ను ఎమ్ అని పిలిచి పదేళ్లయింది. పిల్లల అమ్మతో ఎవరైనా అలాంటివి మాట్లాడతారా?" అంది చి. మనవాళ్లు "ఇదిగో, చంటిదాని అమ్మా" అని పిలవడం గుర్తొచ్చి నేనేమీ అనలేదు.

మరి ఆ భాషకి ఈ మాటలు చేతకాక కాదు. రెండు వందల ఏళ్ల కిందటి కవయిత్రి హో స్వన్ హువాంగ్‌ని వియత్నాం నెత్తిన పెట్టుకుంటుంది. 'నోమ్' లిపిలో రాసిన కవిత్వానికి రాణి అంటారు. యునెస్కో కూడా ఆవిడ 250వ జయంతిని ఉత్సవాల జాబితాలో చేర్చింది. పనసపండు గురించీ, ఉయ్యాల గురించీ, రాత్రి మగ్గం నేయడం గురించీ ఆవిడ రాసిన పద్యాల్లో పైకి కనపడేది ఒకటి, లోపల ఉండేది "ఆ సంగతే". మొగుణ్ణి సవతితో పంచుకోవాల్సి రావడాన్ని దుమ్మెత్తిపోసింది. "స్కూల్లో చదివాం. మాష్టారు పైఅర్థం చెప్పి వదిలేశాడు. లోపలిది మేం వెనక బెంచీల్లో కూర్చుని చెప్పుకున్నాం" అంది చి. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించిన కథ నేను చెప్పాను. టెస్టింగ్ ఆపేసి పది నిమిషాలు వింది.

*

వాళ్లక్క సంగతి వేరు. బెన్ చే అనే ఊరివైపు ఉంటుంది. మెకాంగ్ నది పాయల మధ్య కొబ్బరితోటల సీమ. ఫొటోలు చూస్తే అచ్చం మన కోనసీమే. అక్కకి ఇప్పుడు యాభై ఎనిమిది. పల్లెలో చిన్న కిరాణా కొట్టు.

1988లో వియత్నాం ప్రభుత్వం ఇంటికి ఇద్దరు పిల్లలే అని నియమం పెట్టింది. ఆ నియమం నిలబడ్డది ముఖ్యంగా లూప్ మీద. మన దగ్గర ఆడవాళ్లకి ఆపరేషన్లు చేసినట్టు, అక్కడ ఊరి ఆరోగ్య కేంద్రాల్లో లూప్‌లు వేశారు. 1990ల్లో ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది వాడిన పద్ధతి అదే. ఇప్పుడు నలభై అయిదు, అరవై మధ్య ఉన్న ఆడవాళ్లు చాలామంది ఆ తరం వాళ్లు. ఆ ఇద్దరు పిల్లల నియమాన్ని 2025 జూన్‌లో ఎత్తేశారు. ఆ ఆడవాళ్లకి ఇక పిల్లలు పుట్టే వయసే దాటిపోయింది.

అక్కకి రెండో కాన్పు తర్వాత 1992లో లూప్ వేశారు. వేసిన సంగతి కాగితం మీద ఉంది. తీయాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. నెలసరి ఆగిపోయిన ఏడాదికి లూప్ తీయించేసుకోవాలి. గర్భసంచి కుంచించుకుపోయే కొద్దీ తీయడం కష్టమవుతుంది. ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, ఒక్కోసారి గోడలో ఇరుక్కుపోతుంది. అక్క యాభై ఆరో ఏట మళ్లీ రక్తం కనపడితే "హోయ్ స్వన్, వసంతం తిరిగొచ్చింది" అని నవ్వుకుందట. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, కేన్సర్ కాదని తేల్చుకోవాలి. ఈ మాట మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని మళ్లీ రాస్తున్నాను: ఒక్క చుక్కైనా సరే. అక్క ఆరు నెలలు ఆగింది. అదృష్టం, కేన్సర్ కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లోపలున్న లూప్. సిటీ ఆసుపత్రిలో మత్తు ఇచ్చి తీశారు.

"అన్నాళ్లు ఎందుకు ఆగావు?" అని చి ఫోన్‌లో అరిస్తే, "ఆరోగ్య కేంద్రంలో ఉన్న కుర్ర డాక్టర్ నా కొడుకుతో చదువుకున్నాడు" అందట అక్క.

కొందరికి చెప్పకపోవడం సిగ్గు వల్ల. కొందరికి భయం వల్ల. 2019లో వియత్నాంలో చేసిన జాతీయ సర్వేలో, భర్త నుంచి ఎప్పుడో ఒకప్పుడు లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పిన ఆడవాళ్లు 13.3 శాతం. భర్త చేతిలో దెబ్బలో, లైంగిక హింసో పడినవాళ్లలో దాదాపు సగం మంది సర్వే చేసేవాళ్లు అడిగేదాకా ఎవరికీ చెప్పలేదు. భార్యని బలవంతం చేయడం కూడా గృహహింసేనని అక్కడి చట్టం 2007లోనే స్పష్టంగా రాసింది. చట్టంలో మాట ఉంది, నోట్లో లేదు. నొప్పిగా ఉందని చెప్పగలిగే ఇంట్లో కరువు ఒక రోగం. చెప్పలేని ఇంట్లో అదే కరువు రాత్రి రాత్రికీ శిక్ష.

*

చదువుతుంటే మా ఊరి సంగతే ఒకటి దొరికింది. వియత్నాం బయట ఇంతమంది వియత్నాంవాళ్లున్న నగరం ఇంకోటి లేదని శాన్ హోసేకి పేరు. 1988–92 లెక్కల్లో అమెరికాలో ఉన్న వియత్నామీ ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ లక్షకి 43. తెల్లవాళ్ల కంటే అయిదు రెట్లు. ఆ కేన్సర్ కలయిక ద్వారా సోకే హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, ముదరడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో పాప్ పరీక్ష చేయించుకుంటే ముందే దొరుకుతుంది. ఆ పరీక్షకే వీళ్లు వెళ్లేవారు కాదు.

శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్లు 'సుక్ ఖ్వే లా వాంగ్' అని ఒక కార్యక్రమం పెట్టారు. ఆరోగ్యం బంగారం అని అర్థం, మన ఆరోగ్యమే మహాభాగ్యం. మా కౌంటీలో వెయ్యి మంది ఆడవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి రేడియో, టీవీ, పేపరు ప్రచారం మాత్రమే. రెండో జట్టుకి ఆ ప్రచారంతోపాటు, వాళ్ల భాషే మాట్లాడే మామూలు ఆడమనిషి వచ్చి కొంతమందిని కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది. ఆవిడ డాక్టర్ కాదు, తెలిసినావిడ, అంతే. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం, అప్పటిదాకా ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోనివాళ్లలో మొదటి జట్టులో 27 శాతం వెళ్లారు. రెండో జట్టులో 46 శాతం.

ఈ అంకెలు చూశాక చి మాట గుర్తొచ్చింది, ఇంగ్లీషులో కాబట్టి చెప్పగలిగానని. ఆవిడ విషయంలో అది నిజం. కానీ అక్కకి ఇంగ్లీషు రాదు. వీళ్లలో చాలామందికి పరాయి భాష ఆసరా లేదు. ఎవరో ఒకరు ఆ మాటని తమ భాషలో, తమ వంటింట్లో మొదట అనాలి. మందు కంటే ముందు కావాల్సింది అదే.

చి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆడ డాక్టర్, మెక్సికన్. నేను బయట కూర్చున్నాను. పది నిమిషాల్లో క్రీమ్ రాసిచ్చింది, తమలపాకు నీళ్లు ఆపమంది. మాంటెరే రూమ్‌ని చి రెండు మంచాల గదికి మార్పించి, పిల్లలకి చెప్పకుండా వెళ్లొచ్చింది. అక్కడ సముద్రం ఒడ్డున భర్తకి మొత్తం చెప్పిందట. ఆయన చాలాసేపు మాట్లాడకుండా, "నాకు షుగరొచ్చాక నా వల్ల కావట్లేదని నీకు విసుగొచ్చిందనుకున్నాను" అన్నాడట. మూడేళ్లు ఇద్దరూ ఎవరి గదిలో వాళ్లు, ఎవరి తప్పు వాళ్లు మోసుకుంటూ పడుకున్నారు. ఆ తర్వాత అంతా సర్దుకుందని రాయను. కొంత తగ్గింది. గురక మాత్రం నిజమేనట.

పోయిన నెల ఒక ఆదివారం చి వాళ్లింటికి పిలిచింది. చర్చి స్నేహితులు అయిదుగురు, అందరూ యాభై దాటినవాళ్లు. ఇద్దరు నెయిల్ సెలూన్‌లో పనిచేస్తారు. అందరూ కలిసి అన్నప్పిండి చుట్టల్లోకి రొయ్యలు మడుస్తున్నారు. చి రెండు చేతులూ తడిగా ఉండగానే ఏదో అంది. నాకు అర్థమైన మాట ఒక్కటే, ఖో హాన్. అందరి చేతులూ ఆగిపోయాయి. ఒకావిడ పకపకా నవ్వింది. ఇంకొకావిడ నా వైపు చూసి, ఈ పిల్ల ఉందే అన్నట్టు సైగ చేసింది. దీనికేమీ అర్థం కాదులే అన్నట్టు చి చెయ్యి ఊపింది. తర్వాత రెండు గంటలు ఎవరూ ఆగలేదు. చివర్లో, మొదట నవ్వినావిడ చిని పక్కకి తీసుకెళ్లి ఆ క్రీమ్ పేరు కాగితం మీద రాయించుకుంది. ఇది రాయమని చెప్పింది కూడా చి నే. "నా పేరు వద్దు. మిగతాదంతా రాయి" అంది.

రాయడానికి కూర్చుంటే తెలిసింది, నాకు కూడా మాటల్లేవని. 'యోని' పాఠ్యపుస్తకంలో ఉంది, మిగతావి బూతుల్లో ఉన్నాయి. ఇంట్లో వాడుకునేది ఒక్కటీ లేదు. మా అమ్మకి యాభై తొమ్మిది. రెండేళ్లుగా మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్, ప్రతిసారీ అయిదు రోజుల యాంటీబయాటిక్. ఎందుకొస్తోందని నేనెప్పుడూ అడగలేదు. "నీళ్లు సరిగ్గా తాగమ్మా" అని ఫోన్ పెట్టేసేదాన్ని.

నిన్న అడిగాను. "అమ్మా, కింద మంటగా, పొడిగా ఉంటోందా?"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. కాల్ కట్టయిందనుకున్నాను.

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?"

"మా వియత్నాం అక్క."

మళ్లీ కాసేపు ఫ్యాన్ చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి, "దానికి మందుందా?" అంది.

"ఉందమ్మా. డాక్టరమ్మని అడగాలి. నువ్వు చెప్పగలవా?"

"నాకు నోరు రాదు. నేను వెళ్లినప్పుడు నువ్వు ఫోన్‌లో ఉండు" అంది అమ్మ.

గురువారం అపాయింట్‌మెంట్. మాకు రాత్రి పదకొండున్నర. అలారం పెట్టుకున్నాను.